టవర్ మెట్టు మీద మూడు దెబ్బలు

ధర్మవరంలో ఫోటో స్టూడియో నడిపినవాడికి దయ్యాల భయం ఉంటే పూట గడవదు. పెళ్ళికి పిలిచినవాళ్ళే చావుకూ పిలిచేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి కడపటి ఫోటోలు ఎన్నో తీశాను. వాటిని డార్క్‌రూంలో ఒంటరిగా కడిగేవాణ్ణి. ఎవరూ లేచి రాలేదు. నీడ కనబడిందని ఎవరైనా చెబితే ముందు కళ్ళు చూపించుకోమనేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననను. జరిగింది మాత్రం చెబుతాను.

నాకున్న పిచ్చి ఒకటే, పక్షులు. హిందూపురం దగ్గర ఒక ఊరికి ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఆ ఊళ్ళో వాటిని కానుపుకొచ్చిన ఆడబిడ్డలంటారు. అవి ఉన్నన్నాళ్ళూ పెళ్ళి జరిగినా టపాకాయ కాల్చరు. గూట్లోంచి పిల్ల జారినా బతకాలని చెట్ల కింద వరిగడ్డి పరుస్తారు.

చూడవచ్చేవాళ్ళ కోసం ఆ చెట్ల పక్కనే ఇనప టవర్ ఒకటి కట్టారు. పైన చిన్న గది, చుట్టూ టెంకాయ మట్టల తడికెలు, వాటిలో లెన్సు పట్టేంత సందులు. దానికి కాపలా హనుమంతప్ప. అరవై దగ్గర పడిన మనిషి, చేతిలో ఎప్పుడూ వెదురు కట్టె.

ఆయన పద్ధతి ఒకటుంది. పొద్దున్నే నాతోపాటు తానూ టవర్ ఎక్కేవాడు. నన్ను లోపల కూర్చోబెట్టి, తానొక్కడే కొంగలకు బాగా కనబడేలా దిగి, చెరువు గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. మనిషి పోయాడనుకుని అవి కుదుటపడేవి. మళ్ళీ పది గంటలకు వచ్చి కట్టెతో కింది మెట్టు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. అప్పుడే నేను దిగాలి. ఆయన వాటికి రోజూ కనబడే మనిషి, అందుకని ఆయన పక్కన ఉంటే నన్ను చూసినా లేచేవి కావు.

“మనుషుల్ని లెక్కపెట్టేది వాటికి రాదప్పా,” అన్నాడు మొదటి రోజే. “కానీ కొత్త మనిషి ఒంటిగా దిగితే బెదుర్తాయి. పెద్దవి లేస్తే పిల్లలు రాల్తాయి. నేనొచ్చి కొట్టేదాకా దిగొద్దు.”

నాలుగేళ్ళు ఆ మాట తప్పలేదు. ఐదో ఏడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పెనుకొండలో పదకొండు గంటల ముహూర్తానికి ఫోటోలు ఒప్పుకున్నాను. తొమ్మిదిన్నర బస్సు తప్పితే తాళి కట్టే ఫోటో తప్పుతుంది. హనుమంతప్ప రాకముందే దిగేశాను.

చెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. మూడు పిల్లలు గడ్డి మీద పడ్డాయి. ఒకటి మెడ ఎత్తలేక కొట్టుకుంటోంది. చూశాను. వాచీ కూడా చూసుకున్నాను. బస్సుకు పరుగెత్తాను.

వారం తర్వాత హిందూపురంలో తెలిసినాయన చెప్పాడు. హనుమంతప్ప బతికున్న పిల్లను తువ్వాలులో చుట్టి నడుముకు కట్టుకుని, గూట్లో పెడదామని చింతచెట్టెక్కాడట. కొమ్మ విరిగింది. ఆస్పత్రిలో మూడో రోజు పోయాడు. పిల్లలు ఎందుకు రాలాయో అక్కడ ఎవరికీ తెలియదు. నేనూ నోరు విప్పలేదు. ఇంటికి పోయి ఆయన భార్యను పలకరించే ధైర్యం కూడా లేకపోయింది. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడు ఉండబట్టలేక పోయాను. కొత్త కాపలా మనిషిని ఇంకా పెట్టలేదు. తెల్లవారకముందే ఎక్కితే అవి చూడవనుకుని ఒంటరిగా ఎక్కాను. చూశాయి.

తెల్లవారాక సందులోంచి చూస్తే కొంగలన్నీ గూళ్ళ మీద నిలబడి, మెడలు చాచి నా వైపే చూస్తున్నాయి. గంట గడిచింది. ఒక్కటీ మేతకు పోలేదు, పిల్లకు నీడ పట్టలేదు. ఎండెక్కింది. పిల్లలు నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. నేనుంటే అవి మాడిపోతాయి. దిగితే రాలిపోతాయి. చేసిన పాపం చాలనట్టు మళ్ళీ ఇదొకటి మెడకు తగిలించుకున్నానని ఏడుపొచ్చింది.

ఎనిమిది దాటాక వాటి తలలు కదిలాయి. నా మీది చూపు తీసి అన్నీ టవర్ మెట్ల కింది కొసకేసి చూశాయి. తర్వాత గట్టు వైపు. అక్కడి నుంచి గట్టు వెంబడి నెమ్మదిగా, మనిషి నడిచేంత నిదానంగా, చివరిదాకా తిరిగాయి. ఏం చేయాలో తోచక కెమెరా నొక్కుతూనే ఉన్నాను. గట్టు మీద ఎవరూ లేరు. అంతలో కొంగలు రెక్కలు దులుపుకుని మేతకు బయలుదేరాయి. మిగిలినవి పిల్లలకు నీడగా రెక్కలు చాచాయి.

ఆ ఫిల్మును తర్వాత నేనే కడిగాను. మొదటి ఫోటోలో కొంగలన్నీ లెన్సులోకే చూస్తున్నాయి. రెండో దాంట్లో కిందికి, మూడో దాంట్లో గట్టుకు. గట్టంతా ఖాళీ.

ఆ రోజు పది గంటలకు కింది మెట్టు మీద మూడు దెబ్బలు పడ్డాయి. నేను ఆనుకున్న ఇనప కమ్మీ వణికింది. తడికె జరిపి చూస్తే కింద ఎవరూ లేరు. మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగాను. ఎండలో, అన్నిటి కళ్ళ ముందూ దిగాను. గడ్డి మీద నుంచి నడిచి ఊరి దారి పట్టాను. ఒక్క కొంగ కూడా లేవలేదు.

కాళ్ళు నేరుగా హనుమంతప్ప ఇంటికే తీసుకుపోయాయి. ఆయన భార్య వాకిట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. పొద్దున జరిగిందంతా చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. ఒక్కటే అడిగింది.

“పిల్లలేమైనా రాల్నాయా?”

“లేదక్కా. ఒక్కటి కూడా.”

ఆమె చేతిలోని కాయ ఒలిచి చేటలో వేసింది.

“ఆ పొద్దు నువ్వు తొందరపడి దిగితివి. మా ఆయన ఆస్పత్రిలో నాతో చెప్పినాడు. ఆ ఫోటోలాయప్ప పేరు యాడా ఎత్తొద్దు, మళ్ళా పక్షుల్ని చూసేకి రాకుండా పోతాడు అన్నాడు.”

ఏడాదిగా ఆమెకు తెలుసు. నేను ఆ వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

ఆ మెట్టు ఎవరు కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండకు ఇనుము చప్పుడు చేస్తుందని ఒక ఇంజనీరు చెప్పాడు, కావచ్చు. కానీ ఒంటిగా దిగే కొత్త మనిషిని చూస్తే బెదిరే ఆ కొంగలు ఆ రోజు నన్ను చూసి ఎందుకు లేవలేదో ఆయనా చెప్పలేకపోయాడు. నేను దిగుతున్నప్పుడు నా పక్కన వాటికి ఎవరు కనబడ్డారో, అది వాటికే తెలియాలి.