కోహీర్ సిపాయి

యుద్ధాల మీద పరిశోధన అంటే మా జహీరాబాద్‌లో ఇప్పటికీ నవ్వుతారు. "బార్డర్‌ల నౌకరి జేస్తవా ఏంది?" అని చుట్టాలు ఆటపట్టించేవారు. నేను ఎంచుకున్న విషయం, దళాలు వెనక్కి తగ్గడం. గెలుపుల మీద పుస్తకాలు బోలెడున్నాయి. వెనక్కి రమ్మని ఉత్తర్వు వచ్చినప్పుడు మామూలు సిపాయి ఏం చేస్తాడో ఎవరూ అడగరు. అడిగి తీరాలని నాకు పంతం.

ఆ పంతమే నన్ను మా వీధి చివర ఉండే తాత ఇంటికి చేర్చింది. డెబ్బై ఒకటి యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. కుడి చేతికి రంగు వెలిసిన రాఖీ ఉండేది. దాన్ని తెంపేవాడు కాదు, పీలికలై దానంతట అదే ఊడిపోవాల్సిందే. కట్టేది సొంత చెల్లెలు కాదు. ఆయనతో యుద్ధానికి పోయి తిరిగిరాని కోహీర్ స్నేహితుడి చెల్లెలు. అన్న పోయిన మరుసటేడు నుంచి ప్రతి రాఖీ పున్నానికి సంచిలో జామకాయలు పెట్టుకుని బస్సెక్కి వచ్చేది. ఇప్పుడు ఆమెకూ జుట్టంతా నెరిసింది.

మొదట్లో తాత నాతో తుపాకుల గురించి, చలి గురించి మాత్రమే మాట్లాడాడు. చాయ్‌లు తాగి తాగి చనువు పెరిగాక, ఒకరోజు రికార్డర్ వైపు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. వెనక్కి రమ్మన్నప్పుడు స్నేహితుడు బతికే ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలి ఇసుకలో పడి పిలిచాడు. ఈయన ఆగలేదు. ఊరికొచ్చి మాత్రం ఆ ఇంట్లో, "తూటా తగలంగనే పాణం పోయింది, జర గూడ తక్లీఫ్ పడలే" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఆ ఇంటివాళ్లు ఇన్నేళ్లూ బతికారు.

"గీ ముచ్చట నేను పోయినంక రాసుకో బిడ్డా. చెల్లెకు తెల్వొద్దు," అన్నాడు. సరే తాతా అన్నాను. నా థీసిస్‌లో ఆ సంగతి రాయలేదు.

కానీ రికార్డింగులన్నీ గైడుకు అప్పగించాలి, అది మా పద్ధతి. ఇస్తూ, ఇది బయటికి రాకూడదు సార్ అని చెప్పాను. "నాకు తెలియదా అమ్మా," అన్నారు. నాకు మ్యాపు చదవడం నేర్పింది ఆయనే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాకూడదని నేర్పిందీ ఆయనే. అనుమానం అన్నది నా మనసులోకే రాలేదు.

పోయిన వేసవిలో సార్ పుస్తకం వచ్చింది. హైదరాబాద్‌లో ఆవిష్కరణ, శాలువాలు, ప్రసంగాలు. ముందు వరుసలో కూర్చుని అరచేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాను. తిరుగు బస్సులో పుస్తకం తెరిస్తే ఒక అధ్యాయం మొత్తం తాత మాటలే. 'కోహీర్‌కు చెందిన సిపాయి', 'జహీరాబాద్‌కు చెందిన అతని మిత్రుడు' అని అచ్చులో ఉంది. బస్సు దిగకముందే సార్‌కు ఫోన్ చేశాను.

"ఎవరి పేరూ పెట్టలేదు కదమ్మా. ఊరు కూడా తీసేస్తే ఇక ఆధారం ఏముంటుంది?" అన్నారాయన.

కోహీర్ నుంచి ఆ యుద్ధానికి పోయి రానివాడు ఒక్కడే సార్, అక్కడ బడి గోడ మీద ఫోటో కూడా ఉంది అన్నాను. దానికాయన, "కృతజ్ఞతల్లో నీ పేరుంది, చూశావా?" అన్నారు.

మ్యాపు మీద వాగు వంపు చూసి దళం ఎటు కదులుతుందో చెప్పే మనిషికి, ఒక చిన్న ఊరు ఆ పేజీని ఎలా చదువుతుందో తట్టలేదా? తట్టే ఉంటుందని ఇప్పటికీ నా అనుమానం. ఆ రోజు నుంచి మనసులో కూడా ఆయన్ని సార్ అనుకోవడం మానేశాను.

ఒక పత్రిక ఆ అధ్యాయాన్ని ఆదివారం అచ్చువేసింది. కోహీర్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పాకింది. రాఖీ పున్నం నాడు తాత పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడట. ఆడవాళ్లతో కిక్కిరిసిన బస్సులు వస్తూనే ఉన్నాయి. సాయంత్రం నేను వెళ్లేసరికి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. పాత రాఖీ ఎప్పుడో ఊడిపోయింది, మణికట్టు బోసిగా ఉంది.

"చెల్లె ఇందాక ఫోన్ జేసింది," అన్నాడు నన్ను చూడకుండానే. "అన్న ఏమని పిలిచిండని అడిగింది. నాకు నోరు రాలే."

నాకు ఏడుపు ఆగలేదు. "నేను రాయలే తాతా. మా సార్ రాసిన్రు. వద్దని ముందే చెప్పిన."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. బోసి చేతిని ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూశాడు.

"గా సార్ ఎవరో నాకు ఎర్కలేదు బిడ్డా," అన్నాడు. "నేను చెప్పింది నీకు."