ఆయుధపూజ చందా

ఆబిడ్స్‌లో అక్కా నేనూ నడిపే డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు, కరపత్రాలు తయారుచేస్తాం. పోయిన దసరాకు ఆయుధపూజ చేస్తూ ప్రింటరుకూ కత్తెరకూ, చివరికి స్టేప్లరుకు కూడా కుంకుమబొట్టు పెట్టాను. అక్క నడుం మీద చేతులేసుకుని చూసింది.

"గన్నిటికీ పెట్టినవ్. మరి లోపల పనిచేసే సాఫ్ట్‌వేర్లకేది తమ్మీ? ఇన్నేండ్ల సంది ఉత్తగనే వాడుకుంటున్నం. జర సిగ్గుండాలె."

నిజంగానే సిగ్గేసింది. మేం వాడేవన్నీ ఎవరెవరో తయారుచేసి అందరికీ ఉచితంగా వదిలినవే. ఒకదానికైనా చందా పంపుదామనుకున్నాం. దేనికి అన్న దగ్గరే గొడవ. ఫొటోలు దిద్దేదానికని నేను, పేజీలు పేర్చేదానికని అక్క. షాపు మూసి నాంపల్లిలో మా ఇంటిదాకా నడుస్తూ వాదించుకున్నాం. రోడ్డు మధ్యలో ఆటోవాడు తిట్టినా ఆపలేదు.

షాపు మళ్లీ తెరిచిన రోజు అక్కే ఉపాయం చెప్పింది. తెల్లకాగితం మీద అన్నిటి పేర్లూ రాసి, పూజలో మిగిలిన కుంకుమ పక్కన పెట్టింది. దేన్ని తెరిస్తే దాని పేరు ముందు ఒక బొట్టు. సాయంత్రానికి కీబోర్డంతా కుంకుమే.

తీరా చూస్తే గెలిచింది మేమిద్దరం తలుచుకోనే తలుచుకోనిది. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగును ఇప్పటి ఫోన్లలో కనబడేలా మార్చే చిన్న ప్రోగ్రాం. అది లేకపోతే మా పాత ఫైళ్లన్నీ పిచ్చిగీతలే. చేసింది ఒకే ఒక్క మనిషి. చందా కోసం ఆయన పేజీ తెరిచాను. "ఇది ఎవరికి పనికొస్తుందని ఇంట్లో అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. నెలాఖరుకు ఆపేస్తున్నాను" అని ఉంది.

కింద ఫిర్యాదుల్లో మూడు నావే. ఒత్తులు తప్పుతున్నాయని నోటికొచ్చినట్టు కడిగేశాను. ఆయన మూడూ సరిచేశాడు. నేను థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు.

"నీ నోరు మంచిగుంటే గాయన ఆపేటోడు గాదు" అంది అక్క.

చందా పంపి, క్షమించమని అడిగి, బొట్ల సంగతి కూడా రాశాను. మర్నాడే జవాబొచ్చింది. "చందాకు థాంక్స్. ఆ బొట్ల కాగితం ఫొటో పంపుతారా? మా ఇంట్లో చూపించాలి."

ఫొటో తీసే ముందు అక్క ఇంకో బొట్టు పెట్టింది. "పొద్దుగాల్ల ఒక ఫైలు మార్చిన గద" అంది.

నెలాఖరు వెళ్లిపోయింది. ఆయన పేజీలో ఆ ప్రకటన తీసేసి మా కుంకుమ కాగితం ఫొటో పెట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నిన్న ఇంకో ఒత్తు తప్పు కనబడింది. "అయ్యా, మీకు వీలున్నప్పుడు" అని మొదలుపెట్టి రాశాను.