కడుపు చప్పుడు విన్న నాయనమ్మ

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా నేను అబద్ధాలకోరుగా బతికాను. సోలాపూర్ నీలం నగర్‌లో మేముండే సందులో అందరూ నన్ను అలాగే చూశారు. అప్పుడు నాకు పదేళ్లు. నాన్న మరమగ్గం మీద చద్దర్లు నేసేవాడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ ఏడు తొలి వానలకు నల్లాలో నీళ్లు మురికిగా వచ్చాయి. ఆ నీళ్లతో కడుపులో చేరిన కంటికి కనిపించని పురుగులు నన్ను మూడు వారాలు మంచాన పడేశాయి. దవాఖానలో మాత్రలిచ్చారు. మళ్లీ పరీక్ష చేసి, పురుగులు పోయాయన్నారు.

పురుగులు పోయాయి గానీ నొప్పి పోలేదు. నాలుగు ముద్దలు తింటే చాలు, కడుపు రాయిలా బిగుసుకునేది. ఒకరోజంతా కడుపులో కదలికే ఉండేది కాదు, మరునాడు బడి నుంచి పరుగున ఇంటికి రావాల్సి వచ్చేది. అమ్మ ఓపిక నశించింది. "రిపోర్టుల ఏం లేదన్నరు గద! బడి ఎగ్గొట్టనీకె నాటకాలు చేస్తున్నవా?" అంది. ఆ మాట నన్ను నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

నాటకమని అననిది మా నాయనమ్మ ఒక్కతే. ఆమె వైద్యం మాత్రం వేరు. భవాని పేట్‌లో ఒక ముసలాయన కాల్చిన ఇనుప సీకుతో కడుపు మీద వాతలు పెడతాడనీ, గురువారం నన్ను తీసుకెళ్తాననీ చెప్పింది. అదీ నా మీద ప్రేమతోనే. బుధవారం సాయంత్రం నేను పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తి, ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను.

పక్కింటి అక్క పొద్దున బీడీలు చుట్టి, ఆ తర్వాత నర్సు చదువుకు వెళ్లేది. నా ఏడుపంతా విని, డాక్టర్లు చెవులకు పెట్టుకునే గొట్టం తీసుకుని నాతో మా ఇంటికి వచ్చింది. నాయనమ్మతో వాదానికి దిగలేదు. "అవ్వా, మూడిండ్ల అవతల మగ్గం తప్పు నడిచినా నీకు చెవులతోనే తెలుస్తది గద. జర ఇది విను" అంటూ గొట్టాన్ని ఆమె చెవులకు పెట్టింది. ముందు తన కడుపు వినిపించింది, తర్వాత నాది.

నాయనమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది.

"నీ కడుపుల సప్పుడు ఆగకుంట నడుస్తున్నది. దీని కడుపుల ఏం లేదు... ఆగు, ఇప్పుడు ఒక్కసారే ఉరికింది. మల్ల ఆగింది" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "ఇది నాటకమెట్లయితదే? కడుపు లోపల సప్పుడు పిల్ల చేస్తదా?"

అప్పుడు అక్క వివరించింది. పేగుకు దాని సొంత నరాలుంటాయట. తిన్నదాన్ని ముందుకు నెట్టించేవి అవేనట. లోపల పురుగులు చేరి పేగు వాచినప్పుడు ఆ నరాల కణాలు కొన్ని దెబ్బతింటాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా. "పురుగు పోంగనే పేగు బాగైపోదవ్వా. వాతలు పెడితే పైన తోలు కాలుతది, లోపలి నరానికేమైతది? నాకు నెల రోజులియ్యి."

నాయనమ్మ ఇచ్చింది. అక్క నన్ను తనకు పాఠం చెప్పే డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ కూడా అదే మాట చెప్పి, ఎలా తినాలో వివరించింది. కాచి చల్లార్చిన నీళ్లు, మెత్తటి అన్నంలో మజ్జిగ, రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా. రోజూ సాయంత్రం నాయనమ్మ గొట్టం అడిగి తెప్పించుకుని నా కడుపు వినేది. కొన్ని రోజులు తల అడ్డంగా ఊపేది. నేను దిగులుపడితే, "వస్తది, వస్తది" అనేది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, పల్లికారం అద్దుకుని ఒక జొన్నరొట్టె మొత్తం తినేశాను. ఇక నొప్పి వస్తుందని గోడకు ఆనుకుని కూర్చున్నాను. రాలేదు. గంట గడిచినా రాలేదు. ఇంకో రొట్టె కావాలన్నాను.

నాయనమ్మ నా కడుపు విని, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి ఉరికింది. "నా మనుమరాలు అబద్ధమాడలే! వినుండ్రి, అందరు వినుండ్రి!" అని ఇల్లిల్లూ తిరిగింది. మగ్గాల దగ్గరి మగవాళ్లను సైతం ఆపి మరీ చెప్పింది. అమ్మ బీడీల చేట పక్కకు నెట్టి నన్ను ఒళ్లోకి లాక్కుంది. "తప్పయింది బిడ్డా" అంది. ఆ రోజు నేను సందులో తలెత్తుకుని, ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెండుసార్లు నడిచాను, ఏ పనీ లేకపోయినా.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పరీక్షల్లో ఏమీ లేదని వచ్చినా, నొప్పి ఉందనే మనిషిని ముందు నమ్మడం నాకు అలవాటైపోయింది. మొన్న మా కోడలు నడుము పట్టుకుని మూలన కూర్చుంటే, ఎక్స్‌రే ఫోటోలో అంతా బాగానే వచ్చింది కదా అని ఇంట్లో అందరూ ఎవరి పనిలో వాళ్లున్నారు. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని, "ఏడ నొస్తున్నది బిడ్డా?" అని అడిగాను. ఆమె గంటసేపు చెప్పింది.