రూతు మానేసింది, నేను మానలేదు

రూతు సిగరెట్ మానేసిందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. హైదరాబాద్‌లో మేమిద్దరం మూడేళ్లు ఒకే హాస్టల్‌లో ఉన్నాం. సాయంత్రం డాబా మీద ఒకే అగ్గిపుల్లతో ఇద్దరం వెలిగించుకునేవాళ్లం. తర్వాత ఆమె సొంతూరు మెదక్ వెళ్లి టీచరైంది, చర్చిలో పాటలు పాడుతోంది. నేనేమో శనివారాలు ధ్యానం నేర్పిస్తాను. వచ్చేవాళ్లు "మీ ముఖంలో ఎంత ప్రశాంతత" అంటారు. క్లాసుకు ముందు సిగరెట్ వాసన పోవడానికి సోంపు నములుతానని వాళ్లకు తెలియదు. "సిగరెట్ మానేసిననే" అని రూతు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కడుపుమంటే. బ్యాగులో కొత్త ప్యాకెట్ వేసుకుని ఒక ఆదివారం బయల్దేరాను.

జేబీఎస్ బస్టాండ్‌లో పొద్దున ఆరింటికి ఎక్కిన బస్సు నర్సాపూర్, కౌడిపల్లి మీదుగా ఎనిమిదిన్నరకు మెదక్ చేరింది. "చర్చికేనా మేడం? కూసోండ్రి, ఇంకొకలొస్తే పోదాం" అన్నాడు షేర్ ఆటో డ్రైవర్. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఆరాధనలో రూతు ముందు నిలబడి పాడింది. ఊపిరి కోసం ఒక్కచోటా తడబడలేదు. నాతో కలిసి దగ్గిన గొంతే అది. వినలేక నేల మీది రంగు పలకల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక పదిహేనుమంది యువతీ యువకులు ఆమె చుట్టూ చేరారు. టేక్మాల్ నుంచి వచ్చిన ఒక యువకుడు అడిగాడు. "సిగరెట్ తాగెటోళ్లు గిక్కడ పాడొచ్చా అక్కా?"

"నేను మూడేండ్లు తాగిన తమ్మీ. మానేసినంక గూడ పోయిన నెల ఒకటి తాగిన, తాగి వచ్చి పాడిన. దేవునికి తెల్వదా ఏంది? మీకు చెప్పకుండ తిరుగుడే నాకు బరువైంది."

అతను, "నేను రోజుకు నాలుగు తాగుతున్న" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను చేయిద్దామని వచ్చిన తప్పును ఆమే అందరి ముందూ చెప్పేసింది. నా అసూయ ఇంకా పెరిగింది.

వాళ్లింట్లో భోజనం చేసి నాలుగింటికి కొండ మీది మెదక్ కోట ఎక్కాం. ఆమె కబుర్లు చెబుతూ ముందు నడిచింది, నేను ఆయాసపడుతూ వెనక. పైకెళ్లాక ప్యాకెట్ తీసి, "ఒకటి తాగుదామా?" అన్నాను.

రూతు దానివైపు చాలాసేపు చూసింది. "తాగాలనే ఉందే. గందుకే లోపల పెట్టు. నన్ను చూడనీకి వచ్చినవా, తాగిపియ్యనీకి వచ్చినవా?"

"తాగించడానికే. నువ్వు బాగుపడితే చూడలేకపోయాను."

"మస్తు బాధైంది సంధ్యా" అంది. దిగేటప్పుడు నా కోసం ఆగలేదు. బస్సెక్కించాక మాత్రం కిటికీ దగ్గరికొచ్చి, "ఇంటికి పోయి ఫోన్ చెయ్" అంది.

ఆమె మానేసినందుకే నాకు కుళ్లు అనుకుంటూ వెళ్లాను. కానీ మానలేకపోయిన రోజు గురించి కూడా అంత మామూలుగా చెప్పగలగడం చూశాక, నాకు కావలసింది అదేనని తెలిసింది. అసూయ ఇంకా తగ్గలేదు. ఇది చదివేవాళ్లలో నా ధ్యానం క్లాసుకు వచ్చేవాళ్లూ ఉంటారు. నేను సిగరెట్ తాగుతానని వాళ్లకు చెప్పడం ఇదే మొదటిసారి.

మెదక్ వెళ్తే కోటకు పొద్దున్నే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి. మధ్యలో కూర్చోవడానికి రాళ్లున్నాయి. నేను నాలుగుచోట్ల కూర్చున్నాను.