ఎక్కువైతే తగ్గేవి

నలభై రెండేళ్లు వచ్చేదాకా నేను ఒకే సూత్రంతో బతికాను: ఒకటి పెరిగితే పక్కదీ పెరుగుతుంది. చారులో ఉప్పు పెంచితే రుచి పెరుగుతుందని కూడా నమ్మినవాణ్ణి. నా తెలివి ఎంతటిదో మీకు అర్థమై ఉంటుంది.

యానాం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్న నన్ను పుదుచ్చేరికి బదిలీ చేసి, అల్ట్రాసౌండ్ స్కానింగ్ నేర్చుకోమన్నారు. నెలాఖరు పరీక్ష తప్పితే ఎక్కడో కేరళ పక్కనున్న మాహేకి పంపిస్తారట. యానాంలో తెలుగు, ఇక్కడ అరకొర తెలుగు, అక్కడ సున్నా. దూరం పెరిగేకొద్దీ భాష తగ్గుతుందని తెలిసీ, అది పాఠానికి పనికొస్తుందని నాకు తట్టలేదు.

నేర్పేవారు తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగాయన. సన్నగా ఉంటానని ఆయనకు గర్వం. నిజానికి ఊపిరి బిగబట్టి నడిచేవారు. మొదటిరోజే ఒక భారీ మనిషి పొట్ట మీద నేను ధ్వని తరంగాల ఫ్రీక్వెన్సీని పైదాకా పెంచాను. ఎక్కువ పెడితే ఎక్కువ లోతు కనబడదా మరి! తెర మీద అంగుళం మేర వెలుగు, కిందంతా చీకటి.

"ఏంది సామీ యీ అమావాస్య? లివరు యాడ? యానాంలోనే పెట్టేసి వచ్చినావా?" అన్నారాయన.

నర్సులు నవ్వారు. ఆ రోజు నుంచి నేను 'అమావాస్య సారు'నే.

ఆ ఆదివారం మా ఆవిడతో బీచి రోడ్డు మీద నడుస్తున్నాను. నాది ఒక అడుగైతే ఆవిడవి రెండు. అయినా పక్కపక్కనే ఉన్నాం. వేగం ఒకటే అయినప్పుడు, అడుగులు పెరిగితే అడుగు పొట్టిదవాల్సిందే! ధ్వని తరంగమూ అంతే, ఫ్రీక్వెన్సీ పెరిగితే పొట్టిదవుతుంది! ఠక్కున ఆగిపోయాను.

"నువ్వు హై ఫ్రీక్వెన్సీవే!"

"తిట్టారా, పొగిడారా? సరేగానీ, ఇందాక వెళ్లినావిడ చీరంచు మీద నెమళ్లు చూశారా?"

నేను అసలు చీరనే చూడలేదు. ఇంకాస్త నడిచాక ఆవిడ గట్టు మీద చతికిలబడింది. "ఇంక నావల్ల కాదండీ. మీరు పోయి రండి."

చిన్న అడుగులకు నెమళ్లు కనబడతాయి, ఓపిక దగ్గర్లోనే అయిపోతుంది. పెద్ద అడుగులు దూరం పోతాయి, నెమళ్లే దొరకవు. పరీక్షలో తరంగాల గురించి ఇదే చెప్పాను. మాహే తప్పింది. అమావాస్య పేరు మాత్రం వదల్లేదు.

కొన్ని నెలలకు గురువుగారే కడుపునొప్పితో నా బల్ల మీద పడుకున్నారు. చుట్టూ నర్సులు. పొట్ట లోపలికి పీల్చి, "చూడు, అమావాస్యా!" అన్నారు.

నేను ఫ్రీక్వెన్సీని ఐదు మెగాహెర్ట్జ్ నుంచి మూడున్నరకు దించాను. తెర చూసి, విచారంగా తల ఊపి, రెండుకు దించాను.

"ఏందబ్బా, అది బాగా లావుగా ఉండేవాళ్లకు కదా?"

"మీరు నేర్పిందేనండీ, గురువుగారూ."

నర్సులు కిసుక్కుమన్నారు. ఆయన ఊపిరి వదిలేశారు. పొట్ట తన అసలు చోటికి వచ్చింది.

నిజానికి మూడున్నర దగ్గరే లివరు నిండు పున్నమిలా కనబడింది.