గునుగు రంగు కోళ్ళు

ఆ రోజుల్లో ఎవరి చేతిలో సంచి కనిపించినా నాకు అనుమానమే. ఎయిర్‌పోర్టులో సామాన్లు తనిఖీ చేసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. శిక్షణలో మాకు నూరిపోసిన మొదటి పాఠం ఎవర్నీ నమ్మొద్దని. చదువులో నేనెప్పుడూ వెనక బెంచీయే గానీ, ఆ ఒక్క పాఠాన్ని మాత్రం డ్యూటీ దిగాక ఇంటికి కూడా తెచ్చుకునేదాన్ని. ఎయిర్‌పోర్టు దగ్గర్లోని సాతంరాయిలో మా నాయనమ్మ, నేను ఉండేవాళ్ళం. ఆమె వక్కల సంచి మొదలు పాలుపోసే అన్న క్యాను దాకా అన్నింటినీ కిందా మీదా చూసేదాన్ని. డ్యూటీలోనేమో నన్నెవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. సీనియర్ అక్కలంతా క్యాంటీన్‌లో ఒకే బెంచీ మీద కూర్చునేవారు, నేను టిఫిన్ డబ్బాతో రాగానే మాటలు ఆపేసేవారు. (నా గురించే అనుకునేదాన్ని. వాళ్ళ అత్తల గురించట, తర్వాత తెలిసింది.)

బతుకమ్మ పండగ వెళ్ళిన కొద్ది రోజులకు మా మేనత్త ఒక అట్టపెట్టెలో ఐదు కోడిపిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. రెక్కలు అప్పుడప్పుడే వస్తున్నాయి వాటికి. తల్లిని కుక్క ఎత్తుకుపోయింది, అత్తేమో అత్తాపూర్‌లో మూడో అంతస్తు కిరాయింటికి మారుతోంది. మా పెరట్లో అప్పటికే నాయనమ్మ ముసలి పెట్టలు నాలుగున్నాయి. అందులో మెడ మీద ఈకలు రాలిన నల్లపెట్టను సర్పంచమ్మ అనేవాళ్ళం, ఎందుకంటే అది తిన్నాక గానీ మిగతావి గింజ ముట్టవు. నాయనమ్మ పిల్లల్ని చూసింది, సర్పంచమ్మను చూసింది, చివరికి నన్ను చూసింది. "గంప కింద పెట్టు. సూసుకుంట సూసుకుంట కలిస్తె మంచిదే. ఒక్కదానికి నెత్తురొచ్చిందనుకో, ఇగ నా తోని కాదు, ఐతారం నాడు అన్నిట్ని కోయిస్త" అంది. ఆమె అన్నదంటే చేసే మనిషి. నాకు అప్పటికే ఆ ఐదింటి మీద పానం పడిపోయింది.

గంప బోర్లించి పిల్లల్ని కింద ఉంచితే, పెద్ద కోళ్ళు సందుల్లోంచి చూస్తాయి, పొడవాలన్నా అందవు, చూసి చూసి విసుగొచ్చి ఊరుకుంటాయి. మా ఇంట్లో ఎప్పుడూ అదే పద్ధతి. సర్పంచమ్మ మొదట్లో గంప చుట్టూ మెడ సాచి తిరుగుతుంటే, మా డిపార్టుమెంటులో ఉండాల్సింది అనిపించేది. తర్వాత్తర్వాత గంప పక్కనే నిశ్చింతగా మట్టి స్నానాలు చేయడం మొదలుపెట్టింది. రేపు గంప లేపుదామంది నాయనమ్మ. నా అనుమానం అప్పటికే కోళ్ళను వదిలి గోడ మీదికెక్కింది. పక్కింట్లో నీళ్ళ ట్యాంకర్ నడిపే మామ ఒకాయన ఉండేవాడు. రోజూ పొద్దున గోడ మీంచి తల పెట్టి "పిల్లలు మంచిగున్నయా బిడ్డా" అని అడిగేవాడు. కోడిపిల్లల క్షేమం ఏ మనిషైనా రోజూ అడుగుతాడా? పైగా ఆయన పెరట్లోనూ అదే రంగు పిల్లలున్నాయి. గంప లేపగానే నావి గోడ దాటుతాయి, ఆయనవి అయిపోతాయి, అంతే సంగతి.

మా దగ్గర కోళ్ళు కలిసిపోకుండా కాలికి పేలిక కడతారు, లేదా రెక్కకు చుక్కంత రంగు పెడతారు. బతుకమ్మలో పేర్చే తెల్ల గునుగు పువ్వుకు అద్దగా మిగిలిన గులాబీ రంగు వంటింట్లో ఉంది. చుక్క సరిపోతుందా? మామ కడిగేస్తే? అందుకని రంగును బకెట్లో కలిపి, పిల్లల్ని మెడల దాకా ముంచి తీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లారి గంప లేపాం. సర్పంచమ్మ ఒక్క క్షణం కొయ్యబారిపోయి, తర్వాత మీద పడింది. దాని వెనకే మిగతా మూడూ. ఒక పిల్ల బట్టలుతికే బండ సందులో దూరింది, నేను చీపురు పట్టుకుని పెరడంతా ఉరుకుతున్నాను. ఎలాగో విడదీశాక నాయనమ్మ ఆ గులాబీ ముద్దల్ని చూసి ఇదేందని అడిగింది. మామ సంగతి గొంతు తగ్గించి చెప్పాను. "ఇన్ని దినాలు సూసి సూసి గిప్పుడే అలవాటైనయి. నువ్వు మొకాలు మార్చినవు. ఇగ గవి ఎవల్లనుకుంటయే?" అంది. బండ కింది పిల్లను తీసి తిప్పి చూసింది. వీపు మీద ఎర్రగా ఉంది. అది రంగో నెత్తురో నాకు అర్థం కాలేదు. నాయనమ్మ కొంగుతో గట్టిగా తుడిచి "రంగే తియ్" అని, ఇంకా రంగు మిగిలిందా అని అడిగింది.

పెట్టల్ని నేను పట్టుకోవడం, ఆమె ముంచడం. సర్పంచమ్మ అరుపులకు వాడకట్టంతా వచ్చింది. కోళ్ళు కూడా పార్టీ మారినయా అని ఎవరో అడిగారు. నాలుగు పెట్టల్నీ గులాబీ చేసి వదిలాక జరిగింది నేను కళ్ళారా చూశాను. ఎవరు ఎవరో ఎవరికీ తెలియడం లేదు. ఏళ్ళ తరబడి సర్పంచమ్మ వెనక నడిచిన పెట్టే వచ్చి దాన్ని ఒక పోటు పొడిచింది. పాపం అది బిత్తరపోయి బండ దగ్గర ఒంటరిగా నిలబడింది. ఇంతలో గోడ మీద మామ, చేతిలో సంచి. నేను కళ్ళు చిన్నవి చేసి చూస్తుండగానే సంచి బోర్లించాడు. నూకలు. పిల్లల కోసం రోజూ తెచ్చి నాయనమ్మకు ఇస్తున్నాడట. ముందెవరు తినాలో తేలక, అన్నీ కలిసే తిన్నాయి.

మణికట్ల దాకా గులాబీ చేతులతో డ్యూటీకి పోయాను. గేటు దగ్గరే ఆపారు. చేతులు తిప్పి చూశారు, గుడ్డముక్కతో తుడిచి, ఆ ముక్కను పేలుడు మందు పసిగట్టే మిషన్లో పెట్టారు, మా సీనియర్ అక్కను పిలిపించారు. అంతమంది ముందు కోళ్ళ కథ మొత్తం చెప్పుకోవాల్సి వచ్చింది. భోజనాలప్పుడు అక్క బెంచీ మీద కొంచెం జరిగి "గులాబి కోడీ, ఇటు రా, కూసో. సర్పంచమ్మ ముచ్చట జర వీళ్ళకు గూడ చెప్పు" అంది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

ఈకలు మారాక సర్పంచమ్మ పెత్తనం మళ్ళీ దానికే వచ్చింది, పిల్లలు మాత్రం మందలోనే ఉండిపోయాయి. నాయనమ్మ ఇప్పుడు లేదు. మొన్న ఆమె పాత తెల్ల చీర మడత పెడుతుంటే కొంగు మీద ఆనాటి రంగు మరకలు కనిపించాయి. అన్నీ వెలిసిన గులాబీవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎండిన నెత్తురు మరకలా గోధుమ రంగుకు తిరిగి ఉంది. బండ కింది కోడిపిల్లను తుడిచిన మరక అదే. పాలవాణ్ణీ, ట్యాంకర్ మామనూ, చివరికి వక్కల సంచినీ వదలని నేను, నెత్తురొస్తే కోయిస్తానన్న నాయనమ్మ నా కళ్ళ ముందే ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఏ తనిఖీ లేకుండా నమ్మేశాను. చీర మళ్ళీ మడిచి పెట్టి కాసేపు నవ్వుకున్నాను.