కత్తెర చేతిలో ఉన్నప్పుడు

ఇంట్లో ఆమెకి పెట్టిన ముద్దుపేరు పరాకు. చిన్నప్పుడు నిజంగా ముద్దుగానే ఉండేది. నలభై దాటి తల నెరుస్తున్నా అదే పేరుతో పిలుస్తుంటే, ముద్దు పోయి మొట్టికాయ మిగిలింది.

ఆమె పని కటింగ్. కోట్లు కుట్టే దుకాణంలో కత్తెర పట్టిన మనిషే అసలు మనిషి. మిషను మీద కుట్టు వంకరపోతే విప్పుకోవచ్చు, కత్తెర వంకరపోతే ఆ బట్టకి ఇక దిక్కులేదు. ఆ విద్య తండ్రి దగ్గర నేర్చుకుంది. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుంటేనే ఏ భుజం వాలిందో, ఏ చెయ్యి కాస్త పొట్టిదో టేపు పెట్టకుండా చెప్పేసేది. తండ్రి పోతూ పోతూ కౌంటరు కొడుక్కి, కటింగ్ బల్ల కూతురికి అప్పగించాడు. కౌంటరులో కూర్చున్న అన్నయ్య ఇప్పుడు ఆ బల్ల మీద కన్నేశాడు.

ఊరికే కన్నెయ్యలేదు, నిజం చెప్పుకోవాలి. ఆమెది ఆరంభశూరత్వం. ఒక కోటుకి సుద్దగీతలు గీస్తూ ఇంకో కోటు కాలరు గుర్తొచ్చి అటు పోయేది. అక్కడ గుండీలు కనిపిస్తే వాటి వెంట పడేది. సాయంత్రానికి బల్ల నిండా కోట్లు, అన్నీ సగం సగం. సుద్ద ఎక్కడుందో ఆ సుద్దకే తెలియాలి. ఇంటికి వెళితే కిటికీకి సగం కుట్టిన కర్టెను, పొయ్యి మీద మాడిన గిన్నె. పోనీ చేతకాదా అంటే, మనసు పట్టిన రోజున తిండీ నీళ్ళూ మరిచి, చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టే కోటు కోసి పడేసేది. అదే ఆమె కొంప ముంచింది. "చెయ్యగలదు, చెయ్యదు. ఒళ్ళు బద్ధకం" అని అన్నయ్య తేల్చేశాడు. విని విని ఆమె కూడా అదే నమ్మింది.

వకీలుగారి కోటుతో ఆ నమ్మకానికి ముద్ర పడింది. కోటు చేతులు కోసేటప్పుడు అట్ట నమూనాని బట్ట మీద పెట్టి ఒకటి గీస్తారు, దాన్నే తిరగేసి రెండోది గీస్తారు. తిరగెయ్యడం మరిచిపోతే రెండూ ఎడమ చేతులే వస్తాయి. అలాంటి కోటు తొడుక్కునే మనిషిని దేవుడింకా పుట్టించలేదు. ఆమె మరిచిపోయింది. మరిచిపోయిన సంగతి తెలిశాక ఆ ముక్కల్ని మూటగట్టి బల్ల కిందకి తోసేసింది. మిషను మీద కుట్టే వదిన ఆ చేతుల కోసం వెతికినప్పుడు గుట్టు బయటపడింది. కోర్టులో వాడాల్సిన గొంతంతా వకీలు దుకాణంలో వాడి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే అన్నయ్య తీర్పు చెప్పాడు. రెండు నెలల్లో కొత్త కటింగ్ మాస్టరు వస్తాడు. అప్పటినుంచి చెల్లెలు కిటికీ పక్క చిన్నబల్ల దగ్గర కూర్చుని గుండీలకి కాజాలు కుట్టుకోవాలి.

ఎవరో చెప్పగా విన్న డాక్టరు పేరు వదిన ఆమె చెవిన వేసింది. ఆ డాక్టరు ఆమె చిన్నతనం నుంచీ తవ్వితీసి, వదినని కూడా కూర్చోబెట్టి అడిగి, ధ్యాస ఒకచోట నిలవని ఈ తీరుని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పాడు. అది పిల్లలకి కదా వచ్చేది అంటే, మీకూ అప్పటినుంచే ఉంది, పేరే ఇప్పుడు తెలిసింది అన్నాడు. బీపీ ఉంది కాబట్టి మందుల సంగతి నిదానంగా చూద్దామని, ముందు ఒక థెరపిస్టు దగ్గరికి పంపాడు.

ఇంట్లో చెబితే అన్నయ్య నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడందిట."

"మద్దెల నిజంగానే ఓడైతే, అన్నయ్యా? ఇన్నేళ్ళలో ఎవరైనా తిప్పి చూశారా?" అంది ఆమె. అన్నయ్యకి ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. అయినా ఆ మాట అన్నందుకు బాధ కలగలేదు.

థెరపిస్టు గది చెప్పుల దుకాణం మేడ మీద ఉంది. మొదటిసారి వెళ్ళడమే మరిచిపోయింది. రెండోసారి రోజు తప్పి వెళ్ళి, తాళం వేసిన తలుపు చూసి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. మూడోసారి చివాట్లకి సిద్ధపడి వెళ్ళింది. వదిన వయసున్న ఆ థెరపిస్టు చివాట్లు పెట్టలేదు, జాలీ పడలేదు. వకీలు కోటు రోజు పొద్దున్నించీ ఏం జరిగిందో వరసగా చెప్పమంది.

చెప్పుకుంటూ పోతే ఆమెకే కనబడింది. మొదటి చెయ్యి గీసింది. అంతలో ఎవరిదో కొలత తియ్యాలని అన్నయ్య కౌంటరు నుంచి కేకేశాడు. వెళ్ళింది, కొలిచింది, తిరిగొచ్చింది. వచ్చేసరికి తలలో ఏమీ లేదు. అట్ట ఎలా ఉందో అలాగే పెట్టి మళ్ళీ గీసింది. పని మధ్యలో దారం తెగితే మళ్ళీ ఎక్కడ పట్టుకోవాలో మీ తల దాచిపెట్టదు, కాబట్టి ఆ గుర్తుని తలలో కాదు, బయట పెడదాం అంది థెరపిస్టు.

తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. "తప్పు జరిగిందని తెలిశాక ఏం చేశారు?"

"దాచేశాను."

"ఎందుకు?"

"చెబితే, నువ్వింతే అంటారు."

"ఎవరంటారు?"

అన్నయ్య అందామని నోరు తెరిచింది. కానీ ఆ మాట అందరికంటే ముందు అనేది తనే అని అప్పుడే తట్టింది. ఆ రోజు ఆమెకి వచ్చింది ఏడుపు కాదు, కోపం. రాత్రికి ఒళ్ళు హూనమయ్యేంతగా పరిగెత్తిన మనిషిని బద్ధకస్తురాలన్నారు, తనూ తలూపింది. ఇక ఊపనని మెట్లు దిగుతూ గట్టిగానే అనుకుంది.

థెరపిస్టు దగ్గరికి వెళ్తూ వెళ్తూ నేర్చుకుంది. అన్నీ కుదరలేదు. గంట కొట్టే గడియారం పెట్టి చూశారు, మోగగానే దాని నోరు నొక్కి మరిచిపోయేది, దాన్ని వదిలేశారు. కుదిరినవి కుదిరాయి. బల్ల మీద ఒకే కోటు, మిగతావన్నీ తెర వెనక. ప్రతి పనీ పైకి చెప్పి చెయ్యాలి, మిషను దగ్గరనుంచి వదిన "విన్నాను" అనాలి. అన్నిటికంటే పెద్ద నియమం, కత్తెర చేతిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవకూడదు.

అన్నయ్యకి తల కొట్టేసినట్టయింది. తనలో తను మాట్లాడుకునే మనిషిని చూస్తే కస్టమర్లు ఏమనుకుంటారు? పిచ్చిదనుకుంటారు, అన్నాడు. అనుకోనీ, అంది ఆమె. నియమం సంగతి అతను పట్టించుకోలేదు, కేకలు మానలేదు. ఆమె పలకడం మానేసింది. కత్తెర కింద పెట్టాకే వెనక్కి తిరిగేది. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుందిలే, గడువు రానీ, అని అతను కౌంటరు తుడుచుకున్నాడు.

గడువు దగ్గరపడ్డాక బస్సు నడిపే ఆవిడ వచ్చింది. చేతిలో చనిపోయిన తల్లి పొడుగు కోటు. తన ఒంటికి సరిపడా తిరగ కోయించాలట. అలాంటి బట్ట ఇప్పుడు దొరకదు, ఒక్క ముక్క పోయినా కోటు పోయినట్టే. కొత్త మాస్టరు వచ్చేదాకా ఆగమని అన్నయ్య అంటుండగానే, ఆమె కౌంటరు మీంచి కోటు లాగేసుకుంది.

"కొత్తాయన వచ్చేదాకా ఈ బల్ల నాది."

పాత చేతులు మోచేతుల దగ్గర అరిగిపోయాయి. కొత్త చేతులు కోటు కింది వెడల్పులోంచి తియ్యాలి. కుట్లన్నీ విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి, పరిచింది. ఆవిడ కదలకుండా బెంచీ మీద కూర్చుని చూస్తోంది. "ఎడమ చెయ్యి గీశాను" అంది ఆమె. "విన్నాను" అంది వదిన. సరిగ్గా అప్పుడే అన్నయ్య జేబు అట్ట ఎక్కడని అడిగాడు. చేతిలో ఇంకా సుద్దే ఉంది కాబట్టి చూపించి వచ్చింది. రెండో చెయ్యి గీసింది. కత్తెర తీసుకుంది.

"ఎడమ గీశాను. కుడి..." అంటూ అట్ట వైపు చూసి ఆగింది. అట్ట తిరగలేదు.

లోపల పాత గొంతు లేచింది. నువ్వింతే. ముక్కలు మడిచి బల్ల కిందకి తొయ్యి, ఆవిణ్ణి రేపు రమ్మను. ఆమె చేతులు ముక్కల అంచుల దాకా వెళ్ళాయి.

"రెండూ ఎడమే గీశాను" అంది ఆమె, దుకాణమంతా వినబడేలా.

బస్సావిడ గబుక్కున లేచి నిలబడింది. అన్నయ్య పరిగెత్తుకొచ్చి, ఏమీ అనుకోకండి, మా చెల్లెలికి కాస్త... అని నసిగాడు.

"కాస్త కాదు. నాకు ఏడీహెచ్‌డీ ఉందమ్మా. మధ్యలో పిలిస్తే తప్పుతాను. అందుకే కొయ్యకముందు పైకి చెప్పుకుంటాను. ఇది సుద్దే, దులిపితే పోతుంది" అంది ఆమె. దులిపింది. అట్ట తిరగేసింది. "కుడి చెయ్యి గీశాను." "విన్నాను." బస్సావిడ ముక్కల వైపు, ఆమె ముఖం వైపు మార్చి మార్చి చూసింది. "కానివ్వండి" అని కూర్చుంది.

కత్తెర బట్టలోకి దిగింది. కళ్ళు గీత మీంచి తియ్యకుండానే ఆమె మళ్ళీ నోరు విప్పింది. "అన్నయ్యా, కొత్త మాస్టర్ని రమ్మను. కిటికీ పక్క చిన్నబల్ల ఖాళీగానే ఉంది. కాజాలు కుట్టుకుంటాడు."

వదిన మిషను ఆగిపోయింది. అన్నయ్య ముఖం కందగడ్డయింది. ఏదో అనబోయేంతలో కౌంటరు మీద ఫోను మోగింది. ఎవరికో ఆమెతోనే మాట్లాడాలట. అలవాటుగా కేక వెయ్యడానికి నోరు తెరిచి, బల్ల వైపు చూసి, మళ్ళీ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"ఇప్పుడు రాదండీ" అన్నాడు విసుగ్గా. "కత్తెర చేతిలో ఉంది."